షార్ట్ ఫిల్మ్ చూసి గాజువాకలో ఏడ్చారు, సిరిపురంలో నవ్వారు: ఎవరి మాట వినాలి?

తమ్ముడూ, ముందు నువ్వు రాసింది నా మాటల్లో చెప్తాను. సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకో.

26 నిమిషాల సినిమా. ఖర్చు 1,70,000. సగం నీ జీతంలో దాచుకున్నది, మిగతాది స్నేహితులు తలా కొంచెం వేసుకున్నది. ఉక్కు ఫ్యాక్టరీకి భూమి ఇచ్చిన ఇల్లు, ఉద్యోగం వస్తుందని తండ్రి ట్రంకుపెట్టెలో ఏళ్ళ తరబడి దాచుకున్న ఆర్ కార్డు (ఫ్యాక్టరీకి భూములు పోయిన నిర్వాసితులకి ఇచ్చిన కార్డు), దాన్ని పారెయ్యమనే కొడుకు. ఇదీ కథ. మొదట గాజువాకలో ఫంక్షన్ హాల్లో 70 మందికి వేస్తే జనం కళ్ళు తుడుచుకున్నారు. రెండు వారాల తర్వాత సిరిపురంలో చిన్న హాల్లో యూనివర్సిటీ పిల్లలకీ, నాటకాల వాళ్ళకీ వేస్తే, తల్లి మాట్లాడే సీన్లో నవ్వారు. అయిపోయాక చప్పట్లు అలా మొదలై ఇలా ఆగిపోయాయి. ఆ తర్వాత యూట్యూబ్‌లో పెట్టావు. 4,000 వ్యూస్ వచ్చాయి, సగటున ఒక్కొక్కరు చూసింది నాలుగు నిమిషాల చిల్లర. కామెంట్లలో ఒకరు 'ల్యాగ్' అన్నారు, ఒకరు 'సీరియల్‌లా ఉంది' అన్నారు, ఇంకొకరు 'ఏడిపించేశావ్ అన్నా' అన్నారు. వీళ్ళలో ఎవరిని నమ్మాలి, మళ్ళీ ఎడిట్ చెయ్యాలా, వదిలేసి తర్వాతది తియ్యాలా అని అడిగావు.

నేను మన విశాఖలో ఇరవై రెండేళ్ళుగా ఎడిటింగ్ చేస్తున్నాను. పెళ్ళి వీడియోలు కట్ చేసి ఇల్లు గడుపుకున్నాను, రాత్రిళ్ళు పిల్లల షార్ట్ ఫిల్ములు కట్ చేశాను. వాటిని హాళ్ళలో వేసినప్పుడు పక్కన కూర్చుని చూశాను. నువ్వు పంపిన లింకు కూడా రెండుసార్లు చూశాను. ఒకసారి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒకసారి మామూలు ఫోన్ స్పీకర్లో, ఎందుకంటే నీ 4,000 మందిలో ఎక్కువమంది చూసింది అలాగే.

మీ ఇంట్లో ఎప్పుడైనా శ్లాబు కారిందా? హుద్‌హుద్ తర్వాత మా మేడ మీద గది కారింది. చుక్కలు పడేది సరిగ్గా ఫ్యాన్ హుక్కు దగ్గర. మేస్త్రీ వచ్చి హుక్కు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా పైకెళ్ళి, పిట్టగోడ మొదట్లో ఉన్న పగులు చూపించాడు. నీళ్ళు అక్కడ దిగి, శ్లాబులో పాకి, హుక్కు దగ్గర బయటపడ్డాయి. ప్రేక్షకుల మాట కూడా అంతే. ఎక్కడ కారుతోందో వాళ్ళు చెప్పేది నూటికి నూరుపాళ్ళూ నిజం. పగులు ఎక్కడుందో మాత్రం నువ్వే పైకెక్కి వెతుక్కోవాలి. 'మదర్ సీన్ బాగోలేదు, తీసెయ్' అంటే సమస్య ఆ సీన్లోనే ఉందని అనుకోకు. పదిహేను నిమిషాల ముందు నువ్వు చెయ్యని పని ఒకటి అక్కడికి వచ్చి బయటపడి ఉండొచ్చు. నీ సినిమాలో జరిగింది అదే. మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ నవ్వు సంగతి చెప్తాను, నువ్వు ఎక్కువ బాధపడింది దాని గురించే కదా.

17వ నిమిషంలో కొడుకు కార్డు చింపబోతాడు. తల్లి వంటగదిలోంచి వచ్చి, 'ఆ కాయితం పారీమనకురా నాయినా, మీ అయ్య అందులోనే ఉన్నాడు' అంటుంది. నాకు గొంతు పట్టేసింది. అంత మంచి మాట అది. హాల్లో మాత్రం వెనక వరసల్లోంచి నవ్వు వచ్చింది. ఆ అమ్మ నటన అతిగా ఉందని నాటకాల వాళ్ళు ఎవరో చెప్పారని రాశావు. మళ్ళీ చూడు, ఆమె అతి చెయ్యలేదు. ఆమె సినిమాలో మొదటిసారి నోరు తెరిచింది అక్కడ. 17వ నిమిషంలో! అప్పటిదాకా ఆమె నేపథ్యంలో గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ కనిపిస్తుందే తప్ప గొంతు వినపడదు. తండ్రీ కొడుకూ మాట్లాడేది గాజువాక కుర్రాళ్ళు మాట్లాడే కలగాపులగం తెలుగు. ఉన్నట్టుండి మన ఉత్తరాంధ్ర యాస నిండుగా ఆమె నోట వచ్చింది.

ఆ యాస వినగానే నవ్వాలని దశాబ్దాలుగా జనానికి నేర్పింది మన సినిమాలే. పనిమనిషికి, అమాయకుడికి, హీరో పక్కన దెబ్బలు తినేవాడికి శ్రీకాకుళం యాస పెట్టారు. హీరో తల్లికి పెట్టలేదు, జడ్జికి పెట్టలేదు. ఇక్కడే పుట్టి, ఇంట్లో వాళ్ళమ్మ అదే యాస మాట్లాడే పిల్లలు కూడా తెరమీద అది వినపడగానే నవ్వేస్తారు. వాళ్ళు సినిమాలో ఆ అమ్మని చూసి నవ్వలేదు. వాళ్ళ చెవికి ఉన్న అలవాటు నవ్వింది. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం. అందుకే చెప్తున్నాను, దయచేసి ఆ మాటని మామూలు తెలుగులోకి మార్చి డబ్బింగ్ చెప్పించకు. అలా చేస్తే ఆ సీను చచ్చిపోతుంది, ఆమె కూడా ఎవరో అయిపోతుంది.

నువ్వు చెయ్యాల్సింది, ఆ నవ్వేదో ముందే అయిపోయేలా చూడటం. కూరగాయల బండివాడితో తల్లి బేరమాడే సీన్ తీశాం గానీ నిడివి కోసం తీసేశాం అని రాశావు కదా, దాన్ని వెనక్కి తీసుకురా. మూడో నిమిషంలో, ముప్పై నలభై సెకన్లు చాలు. అక్కడ జనం నవ్వనీ. బేరం సీన్లో నవ్వితే తప్పేముంది? వంకాయలు వెనక్కి పోసేసి 'నీ బండి నువ్వే తోలుకో' అన్న మనిషిని చూసి ఇష్టంగా నవ్వుతారు. ఆ నలభై సెకన్లలో చెవి ఆ గొంతుకి అలవాటు పడుతుంది. తర్వాత 17వ నిమిషంలో ఆమె వంటగదిలోంచి బయటికి వచ్చేసరికి యాస వినపడదు, అమ్మ వినపడుతుంది. నిడివి పెరుగుతుందని భయపడకు. నలభై సెకన్లు కలిపినా సినిమా చిన్నదైనట్టే అనిపిస్తుంది, చూడు.

ఇక గాజువాక హాలు. అక్కడి కన్నీళ్ళు నిజం. కానీ అవి మొత్తం నీ సినిమా రప్పించినవి అనుకోకు. ఆర్ కార్డు అంటే ఏమిటో ఆ హాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీకి భూములిచ్చిన ఊళ్ళవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. కార్డు ఉన్నవాళ్ళందరికీ ఉద్యోగాలు రాలేదన్న సంగతి వాళ్ళకి ఇంట్లో సంగతి. నాఫ్తలీన్ ఉండలు, పాత పట్టు చీర, వాటి కింద ప్లాస్టిక్ కవర్లో కార్డు. ఆ షాట్ పడగానే 'మా ఇంట్లోనూ అంతే' అని ఎవరో పైకే అన్నారని రాశావు. సినిమా మొదలవ్వకముందే కథలో సగం వాళ్ళు తమతో తెచ్చుకున్నారు.

అయినా ఆ హాలుని తక్కువ చెయ్యకు. వాళ్ళు నీకు ఒక పెద్ద పరీక్ష పెట్టారు, అందులో నువ్వు నెగ్గావు. ఆ జీవితం తెలిసినవాళ్ళలో ఒక్కరు కూడా 'ఇలా ఉండదు బాబూ' అనలేదు. కవరు తప్పయినా, పెట్టె తప్పయినా, తండ్రి ఆఫీసు గుమాస్తాతో మాట్లాడే తీరు తప్పయినా అక్కడే పట్టేసుకునేవారు. ఇంకోటి, నువ్వు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతి. సినిమా అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, సినిమా గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా, తమ చెరువు ఎక్కడుండేదో, ఇప్పుడక్కడ ఏం కట్టారో పది నిమిషాలు చెప్పి వెళ్ళిపోయాడని. 'ఆయనకి నచ్చిందో లేదో తెలీలేదు' అని రాశావు. తమ్ముడూ, నా ఇరవై రెండేళ్ళలో అలాంటి స్పందన నేను చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయనకి తెరా నువ్వూ ఎవరూ కనపడలేదు, ఆయన ఊరు కనపడింది.

దీన్నిబట్టి ఒక కొలత పెట్టుకో. అయిపోయాక జనం సినిమా గురించి మాట్లాడుతున్నారా, సినిమాలో మనుషుల గురించి మాట్లాడుతున్నారా? 'కెమెరా చాలా బాగుంది', 'డ్రోన్ షాట్ అదిరింది' అన్నవాడు కథ బయటే నిలబడి చూశాడు. 'ఆ కొడుకు అలా అనకూడదండీ' అని కోప్పడిన మీ పిన్నిగారు కథ లోపలికి వెళ్ళొచ్చారు. పొగడ్త, తిట్టు అని విడదీయకు. లోపలివి, బయటివి అని విడదీయి.

సిరిపురం హాల్లో ఒక అమ్మాయి 'ఆర్ కార్డ్ అంటే రేషన్ కార్డా?' అని అడిగిందని కాస్త చులకనగా రాశావు. మొత్తం మీద నీకు దొరికిన అతి విలువైన మాట అది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని జనం రోడ్డెక్కింది 1966లో. శంకుస్థాపన 1971లో. ఆ పిల్ల ఏ 2004లోనో పుట్టి ఉంటుంది, బహుశా మరో జిల్లా నుంచి చదువుకోడానికి వచ్చి ఉంటుంది. కూర్మన్నపాలెం దాకా కూడా వెళ్ళి ఉండకపోవచ్చు. ఆమె తప్పేముంది? ఇరవయ్యారు నిమిషాలూ 'రేషన్ కార్డు కోసం ఇంత గొడవేంటి' అనుకుంటూ కూర్చుంది. ఆమె ముందు ఏ నటుడు ఎంత ఏడ్చినా ఏం లాభం?

దీనికి మొదట్లో అక్షరాలు వేసి చరిత్ర చెప్పకు. ఎవరూ చదవరు. నీ దగ్గరున్న షాట్లతోనే పనవుతుంది. నాలుగో నిమిషంలో తండ్రి చేతులు కార్డుని కవర్లో చుట్టి పెట్టెలో పెట్టే క్లోజప్ ఉంది. పన్నెండు సెకన్లు, మొహాలు కనపడవు. మనవరాలు పక్కన ఉన్నట్టు ముందు షాట్‌లో చూపించావు. ఆ క్లోజప్ మీద పాప గొంతు పెట్టు: 'తాతా, ఈ కార్డు ఏటి?' తాత: 'ఇదుంటే ఉజ్జోగం ఇస్తారమ్మా.' పాప: 'మరి ఇచ్చారా?' పెట్టె మూత పడిన చప్పుడు. అంతే. పెదాలు కనపడవు కాబట్టి డబ్బింగ్ కలవలేదనే బాధ లేదు, కొత్తగా షూటింగ్ అక్కర్లేదు. ఆ మూత చప్పుడుతో ఏ జిల్లా పిల్లకైనా మొత్తం అర్థమవుతుంది. పైగా 17వ నిమిషం సీన్‌కి ఇక్కడే పునాది పడుతుంది.

ఇప్పుడు 'ల్యాగ్'. ఈ ఒక్క మాటని మన జనం పది రకాల బాధలకి వాడతారు. నీ సినిమాలో ఆ మాట రెండు చోట్ల కారుతోంది, రెండింటి పగుళ్ళూ వేరు.

ఒకటి ఆరో నిమిషం. తండ్రి కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు దిగి ఫ్యాక్టరీ ఆర్చి వైపు నడుస్తాడు. 48 సెకన్లు. అందమైన షాట్, వెనక లారీల దుమ్ములో ఎండ పడుతోంది. కానీ ఆయన ఎందుకు వెళ్తున్నాడో మనకి తెలిసేది దాని తర్వాతి సీన్లో. కారణం తెలియనంతసేపూ నడక నడకే. 'ఇదే ఆఖరుసారి, ఈసారి లేదంటే ఇంక అడగను' అని భార్యతో అన్న మాట ముందుకు తెచ్చి, ఆ తర్వాత ఇదే నడక పెట్టు. అప్పుడు 48 సెకన్లూ ఆయన గుండె చప్పుడు వింటారు. ఒక్క ఫ్రేము కూడా కొయ్యక్కర్లేదు. నిడివి తగ్గించమని సలహా ఇచ్చినవాళ్ళకి నొప్పి తెలుసు, మందు తెలీదు.

రెండోది 19వ నిమిషం, అప్పికొండ తీరంలో తండ్రీ కొడుకుల గొడవ. ఇక్కడ అసలు సమస్య చెవిది. సముద్రం హోరు అన్ని స్థాయిల్లోనూ పరుచుకుని ఉంటుంది. అందులో ముందు మునిగేవి స, ష, చ, త లాంటి హల్లులు. అచ్చులు మిగులుతాయి కాబట్టి మాట వినపడినట్టే ఉంటుంది, ఏమన్నాడో తెలీదు. చూసేవాడు రెండు మూడు వాక్యాలు కష్టపడి ఊహించుకుంటాడు, తర్వాత అలసిపోతాడు. అలసిపోయినవాడు 'నాకు వినపడలేదు' అనడు, 'బోర్' అంటాడు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో: ధ్వని పాడైన చోట జనం కథని తిడతారు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా క్షమిస్తారు గానీ మాట వినపడకపోతే క్షమించరు. నీ కామెంట్లలో 'సౌండ్ ఏంటి బ్రో' అన్న ఒక్కడు మాత్రం అసలు జబ్బు పేరు చెప్పాడు.

ఆ సీన్‌కి డబ్బింగ్ తప్పదు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక పూటలో చెప్పించు. గొంతు శుభ్రంగా వచ్చాక సముద్రాన్ని విడిగా, తక్కువ స్థాయిలో కింద పరువు. మాట్లాడని క్షణాల్లో హోరు పెంచు. మైక్‌కి గాలి తగలకుండా బొచ్చు కవరు లేకుండా బీచ్‌లో డైలాగు రికార్డు చెయ్యడం ఇదే ఆఖరుసారి కావాలి. మన ఊళ్ళో కథ రాయగానే అందరికీ సముద్రం గుర్తొస్తుంది, సౌండ్ చేసేవాడికి మాత్రం ముందే చెప్పరు.

యూట్యూబ్ అంకెలు చూసి నువ్వు కుంగిపోయావు. సగటు అనే అంకె మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. ఉదాహరణకి లెక్క వేసి చూడు: 1,000 మంది తెరిచారు. 600 మంది అర నిమిషంలో వెళ్ళిపోయారు. మిగిలిన 400 మంది పదేసి నిమిషాలు చూశారు. సగటు ఎంత? 4 నిమిషాల 18 సెకన్లు. దాదాపు నీ అంకె. అంటే 'అందరూ నాలుగు నిమిషాలకే విసిగిపోయారు' అని నువ్వు చదువుకున్నది, నిజానికి 'చాలామంది గుమ్మంలోంచే తిరిగెళ్ళారు, లోపలికొచ్చినవాళ్ళు కూర్చున్నారు' అయ్యుండొచ్చు. యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ (ఏ క్షణం దగ్గర ఎంతమంది చూస్తున్నారో చూపే గీత) తెరిచి చూడు. మొదటి 30 సెకన్లలో గీత ఎంత పడిందో అదే నీ గుమ్మం.

నీ గుమ్మంలో ఏముందో నేను చూశాను. 1 నిమిషం 50 సెకన్ల టైటిల్స్, ఆర్కే బీచ్ మీద డ్రోన్, పదకొండు మందికి కృతజ్ఞతలు. గాజువాక కథకి ఆర్కే బీచ్ ఎందుకు? ఊరి గొప్ప చూపించాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ కథ ట్రంకుపెట్టెలో ఉంది. పెట్టె గడియ తీసిన చప్పుడుతో మొదలుపెట్టు. కృతజ్ఞతలు చివరికి పోనీ, ఎవరూ అనుకోరు.

అదే గ్రాఫ్‌లో 19వ నిమిషం దగ్గర గీత పైకి లేచిందని, 'క్లైమాక్స్ నచ్చి మళ్ళీ మళ్ళీ చూశారు' అని సంతోషపడ్డావు. గీత లేచిందంటే అక్కడ వెనక్కి జరిపి మళ్ళీ చూశారనో, ముందుకు జరిపి నేరుగా అక్కడికే వచ్చారనో అర్థం. మళ్ళీ చూశారనే అనుకుందాం. ఇష్టపడి చూడొచ్చు, వినపడక చూడొచ్చు. అప్పికొండ సీను సరిగ్గా అక్కడే ఉంది కాబట్టి నాకు రెండోదే నిజమనిపిస్తోంది. డబ్బింగ్ అయ్యేలోపు ఒక పని ఇవాళే చెయ్యి: తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ సబ్‌టైటిల్స్ ఎక్కించు. వీడియో పెట్టేశాక కూడా అవి ఎప్పుడైనా కలపొచ్చు. తల్లి మాటలకి తెలుగు సబ్‌టైటిల్ రాసేటప్పుడు ఆమె యాసనే రాయి, సరిదిద్దకు.

నా అనుభవం ఒకటి చెప్తాను, ప్రేక్షకుల మీద నాకు గౌరవం కుదిరింది దాంతోనే. టేపుల కెమెరాల రోజుల్లో పాత ఊళ్ళో, కురుపాం మార్కెట్ దగ్గర ఒక ముసలి దర్జీ మీద 18 నిమిషాల సినిమా తీశాను. చివర ఆయన మధ్యాహ్నం మిషను మీదే తల వాల్చి నిద్రపోతాడు. తర్వాతి షాట్, పైన ఫ్యాను మెల్లగా ఆగిపోతుంది. ఆ తర్వాత ఖాళీ వీధి. నా ఉద్దేశం కరెంటు పోయిందని. ఎండాకాలం, రోజూ పోయేది, అది ఆ వీధి జీవితం. వేసిన ప్రతిచోటా సగంమంది 'పాపం, చచ్చిపోయాడు' అంటూ బయటికొచ్చారు. నాకు ఒళ్ళు మండింది. సినిమా చూడటం రాదనుకున్నాను. రెండేళ్ళు అలాగే అనుకున్నాను.

ఒకరోజు ఇంకెవరిదో పని కట్ చేస్తూ ఉంటే తట్టింది. దీపం ఆరితే ప్రాణం పోయినట్టు అని మన తెలుగు సినిమాలు ఎన్నేళ్ళుగా చెప్పాయి! కళ్ళు మూసిన ముసలాయన, పక్కనే ఆగిపోతున్న ఫ్యాను. ఆ రెండు షాట్లూ పక్కపక్కన పెట్టింది నేను. ఆ రెంటినీ కలిపి వాళ్ళు చదువుకున్నది తెలుగు ప్రేక్షకుడు చదవాల్సినట్టే చదువుకున్నారు. ఫ్యాను ఆగుతుండగా వీధిలోంచి 'మళ్ళీ పోయిందిరా కరెంటు' అని ఒక గొంతు కలిపాను. రెండు సెకన్ల మాట. ఆ తర్వాత ఒక్కరు కూడా ఆయన పోయాడనుకోలేదు. ఆయన నిద్ర చూసి చిన్నగా నవ్వుకుంటూ బయటికొచ్చారు, నేను మొదటి నుంచీ కోరుకున్నదీ అదే.

హాల్లో ఎలా చూడాలో కూడా చెప్పాలి, నువ్వు రెండు షోల్లోనూ తెర వైపే చూస్తూ కూర్చున్నావని తెలుస్తోంది. ఈసారి ముందు వరసలో పక్క కుర్చీలో, జనం మొహాలు కనపడేలా కూర్చో. చీకట్లో ఫోను వెలిగితే ఆ నిమిషం రాసుకో. ప్లాస్టిక్ కుర్చీలు ఒకేసారి కిర్రుమన్నాయంటే నలుగురైదుగురు ఒకేసారి సర్దుకున్నారని అర్థం, అదీ రాసుకో. ఇంకా మంచి పద్ధతి, హాలు వెనక ఒక ఫోనులో రికార్డర్ పెట్టి వదిలెయ్యి. ఇంటికెళ్ళాక ఆ ఆడియోని ఎడిటింగ్ టైమ్‌లైన్లో సినిమా కింద పెట్టి కలుపుకో. ఏ మాటకి దగ్గారు, ఏ కట్ దగ్గర నవ్వు మొదలైంది, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా హాలు మొత్తం ఊపిరి బిగపట్టింది, అన్నీ వినపడతాయి. మనుషులు మొహమాటానికి అబద్ధం ఆడతారు గానీ దగ్గులు, కుర్చీలు ఆడవు.

మొహమాటం అన్నాను కదా, మనవాళ్ళని గుమ్మం దగ్గర నిలబెట్టి 'ఎలా ఉంది?' అని అడిగితే 'బాగుంది బాబూ' తప్ప ఏం చెప్తారు? నీ కాఫీ తాగి, మీ నాన్నగారి పక్కన నిలబడి ఇంకేం అంటారు? రెండు రోజులాగి ఫోన్ చేసి, 'కథ ఏంటో ఒకసారి చెప్పండి' అని అడుగు. అభిప్రాయం అడగొద్దు, కథ చెప్పమను. ఎక్కడ తడబడ్డారో, ఏది తారుమారు చేశారో, ఏ మనిషిని పూర్తిగా మర్చిపోయారో రాసుకో. అయిదుగురు చెప్పిన అయిదు కథలూ పక్కపక్కన పెడితే నీ సినిమా ఎలా ఉందో నీకే కనపడుతుంది.

గాజువాక షో ఫోటోలు కూడా చూశాను. జ్యోతి ప్రజ్వలన, ముగ్గురు అతిథులు, శాలువాలు, నలభై నిమిషాల ప్రసంగాలు, ఆ తర్వాత 'ఎంతో తక్కువ బడ్జెట్లో ఎన్నో కష్టాలు పడి' అని నీ పరిచయం. ఇకమీదట సినిమా ముందు, ప్రసంగాలు తర్వాత. బడ్జెట్ మాట అసలు ఎత్తకు. అది విన్నవాడు ప్రేక్షకుడిగా ఉండటం మానేసి, నీకు మార్కులు కలిపే మాస్టారైపోతాడు. ప్రొజెక్టర్‌తో ఆరోజు పొద్దున్నే రాత్రి సీన్లు వేసి చూసుకో, మామూలు ప్రొజెక్టర్ల మీద అవి నల్లగా అయిపోతాయి. స్పీకర్ స్థాయి ఖాళీ హాల్లో సరిపోయిందనుకున్నదానికంటే కాస్త ఎక్కువే పెట్టు. జనం నిండితే వాళ్ళ బట్టలు, ఒళ్ళు శబ్దాన్ని పీల్చేస్తాయి.

రెండు రకాల మాటలు మాత్రం విని పక్కన పెట్టెయ్. ఒకటి, 'చివర్లో ఉద్యోగం వచ్చినట్టు చూపించాల్సింది.' అది వాళ్ళ కోరిక. ఆ తండ్రి మీద ప్రేమ పుట్టింది కాబట్టి అడుగుతున్నారు. అలా మారిస్తే ఆ పెద్దాయన చెరువు సంగతి చెప్పడానికి నీ దగ్గరికి రాడు. రెండోది, 'కంచరపాలెం సినిమాలా లేదు.' 2018లో కేరాఫ్ కంచరపాలెం వచ్చి, ఇక్కడి మామూలు మనుషుల మొహాలు తెరమీద ఎంత నిండుగా ఉంటాయో చూపించింది. దాని పుణ్యమా అని జనం ఇవాళ నీ నటులని కొత్త మొహాలని తోసెయ్యకుండా చూస్తున్నారు. అంతవరకు తీసుకో, పోలిక వదిలెయ్.

మళ్ళీ ఎడిట్ చెయ్యాలా అంటే, చెయ్యి. టైటిల్స్ వెనక్కి, బేరం సీన్ లోపలికి, పాప గొంతు, భార్యతో అన్న మాట నడకకి ముందు, అప్పికొండ డబ్బింగ్. నీ దగ్గర రషెస్, అంటే షూట్ చేసిన ఫుటేజ్ మొత్తం ఉంది కాబట్టి పది రోజుల పని. ఒక చిక్కు ఏమిటంటే, యూట్యూబ్‌లో అదే లింకు ఉంచి ఫైలు మార్చడం కుదరదు. అక్కడే ముక్కలు కత్తిరించుకోవచ్చు గానీ కొత్తది కలపలేవు. కొత్త కట్ కొత్తగా పెట్టాల్సిందే. అయితే పెట్టడానికి తొందరపడకు. చాలా ఫెస్టివల్స్ బహిరంగంగా నెట్‌లో ఉన్న సినిమాలు తీసుకోవు, ఒక్కోదానికి ఒక్కో నిబంధన. పంపాలనుకున్న ప్రతిదాని నిబంధనలూ చదివి, పాతది ప్రైవేట్ చేస్తే చాలో లేదో అడిగి చూసుకో. 26 నిమిషాలంటే షార్ట్ ఫిల్మ్ లెక్కలోకే వస్తుంది, ఆస్కార్ వాళ్ళు కూడా టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల దాకా షార్ట్ అంటారు. కానీ ఎంపిక చేసేవాళ్ళకి నీ ఒక్క సినిమా పెట్టే చోట రెండు చిన్నవి పడతాయి, కాబట్టి చివర నీ వీడ్కోలు షాట్లు మూడింట్లో రెండు తీసేస్తే నీకే మంచిది. ఆ మూడూ ఒకటే మాట చెప్తున్నాయి.

కట్ అయ్యాక ముందు సిరిపురంలో షో వెయ్యి, పాతవాళ్ళకి కాకుండా ఏమీ తెలియని ఒక ఇరవై మంది కొత్త పిల్లలకి. 17వ నిమిషంలో ఏం వినపడుతుందో రికార్డ్ చెయ్యి. ఆ తర్వాత గాజువాక, ఆ పెద్దాయనకి స్వయంగా వెళ్ళి చెప్పి పిలు. ముందు వరసలో పక్క కుర్చీ ఒకటి నాకు ఉంచు, నేను పుస్తకం పెన్ను తెచ్చుకుంటాను.